నాలుగో మూల

"శనివారం రీసెర్చి ఓపెనింగుందమ్మా, ఇంటికి రాను" అని దోర్కా ఫోనులో అన్నది, తన అద్దెగదికి పోతూ ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్ల మీద నిలబడి. కింద వరంగల్ బస్సు హారను, పక్కన మక్కకంకులు కాల్చే ఆమె కేక, నెత్తిమీద రైలు రొద. ఈ మూడింటినీ దాటుకొని అవతలి చెవికి చేరేసరికి ఆ మాటలో 'రీ' కాస్తా రాలిపోయింది, మిగిలిన ముక్క చర్చి అయి కూర్చుంది.

"చర్చి ఓపెనింగా? యాడనే?"

దోర్కాకు కూడా 'యాడనే' ఒక్కటే వినబడింది. "నాచారంలనే. నువ్వు పనిజేసిన పాత షెడ్డు లేదా, గదే. మంచిగ సున్నాలేసి, లైట్లు బెట్టి మస్తు జేసిన్రు."

"దేవునికి స్తోత్రం!" అన్నది మరియమ్మ.

తన తల్లికి పరిశోధన మీద ఇంత భక్తి ఎప్పుడు పుట్టిందో దోర్కాకు అంతుబట్టలేదు. "నువ్వు మాత్రం రాకు. పెద్దపెద్దోళ్లొస్తరు, మస్తు మంది ఉంటరు" అన్నది జాగ్రత్తగా.

"మంది లేకుంటే అదేం ఓపెనింగే పిచ్చిదానా? మందిని దెచ్చుడు మా పని" అని మరియమ్మ అంటుండగానే రైలొచ్చింది, ఫోను పోయింది.

పేరు దోర్కాయే గాని పిల్ల ఎవరికీ దొరకదని నర్సవ్వ అంటుండేది. నర్సవ్వ అంటే వెంకటనర్సమ్మ. ఉప్పల్ బస్ డిపో వెనక గల్లీలో మరియమ్మ ఇంటి గోడా ఆమె ఇంటి గోడా ఒకటే. కుట్టుపని తెలిసిన బైబిల్ భక్తురాలి పేరని చెప్పి చర్చి అయ్యగారు ఆ పేరు పెట్టారు. పేరుకు తగ్గట్టు పిల్ల గుడ్డల్లోనే పడింది. ఆర్ట్ కాలేజీలో వస్త్రకళ చదివి, ఒక డిగ్రీకి ఇంకో డిగ్రీ అతుకేసుకొని, ఇరవయ్యారేళ్లకు మాస్టర్స్ పూర్తిచేసింది. గల్లీకి తెలిసిన మాస్టర్ టైలర్ మాస్టరొక్కడే. అందుకే ఆమె సెలవులకు ఇంటికొస్తే చాలు, నలుగురైనా జాకెట్ ముక్కలు పట్టుకొని గుమ్మంలో నిలబడేవారు. "నేను గది కుట్టను పెద్దమ్మా" అంటే, "మరేం సదివినవే ఇన్నేండ్లు?" అని నర్సవ్వ నోరు నొక్కుకునేది.

కాలేజీ అయిపోయాక కలిసి చదివిన ఆరుగురు ఒక గుంపు కట్టారు. దాని పేరు పోగు. పోగంటే దారమని ఒక అర్థం, కుప్పని ఇంకో అర్థం. తలొకరు తలో రకం పాతగుడ్డలు తెచ్చి పడేస్తుంటే రెండో అర్థమే ఎక్కువ నప్పేది. వాళ్లకు చోటిచ్చింది ప్రొఫెసర్ ఉమామహేశ్వర్ సార్. కాలేజీ తరఫున నాచారం పారిశ్రామికవాడలో ఒక పాత షెడ్డు తీసుకొని, దానికి వస్త్ర పరిశోధన కేంద్రం అని బోర్డు రాయించారు.

ఆ షెడ్డు దోర్కాకు కొత్త కాదు. మరియమ్మ అందులో పన్నెండేళ్లు బనియన్ వేస్టు ఏరింది. మిషన్ల నూనె తుడవడానికి మెకానిక్కులు వాడే ముక్కగుడ్డలుంటాయి కదా, అవి. మూటలు విప్పి, గుండీలూ ఎలాస్టిక్కులూ పీకి, తెల్లవి ఒక కుప్ప, రంగువి ఒక కుప్ప వెయ్యాలి. బడి లేని రోజు దోర్కా ఆ రంగుకుప్ప మీదే నిద్రపోయేది. కేంద్రంలోకి మొదటిసారి అడుగుపెట్టినప్పుడు ఆమె చూపు ఎవరూ చెప్పకుండానే ఎడమవైపు మూడో కిటికీ కిందికి పోయింది. అమ్మ కూర్చునే చోటు అది. "ఇదివరకు ఇక్కడ ఏముండేదో!" అని త్రివేణి ఆరాటపడితే, "ఏమో" అన్నది దోర్కా.

అది చిన్న ఏమో. దానికంటే పెద్ద ఏమో ఇంకోటుంది. ఈ కథంతా దాని గురించే.

పోగు గుంపు మొదటి సమావేశానికి తలొక పాత వస్త్రం తేవాలనుకున్నారు. త్రివేణి వాళ్ల అమ్మమ్మ పెళ్లినాటి పట్టుచీర తెచ్చింది. దాని జరీ మీద వెలుగు పడి గది గోడంతా మెరిసింది. విక్రమ్ ఒక నేతపెద్దను వెతికి పట్టుకొని, ఆయన నేసిన తలపాగా గుడ్డను, ఆయన ఫోటోతో సహా తెచ్చాడు. దోర్కా సంచిలోంచి బొంత తీసింది.

అది గల్లీలో అయిదుగురు ఆడవాళ్లు నర్సవ్వ గడప ముందు కూర్చొని కుట్టిన బొంత. పాత చీరలు పొరలుగా పరిచి, చీర అంచుల్లోంచి లాగిన దారంతోనే, వడ్లగింజంత కుట్టు పక్కన ఇంకో వడ్లగింజంత కుట్టు వేసుకుంటూ పోయారు. బిడ్డ చదువైపోయింది, ఇక తన గది తను చూసుకుంటుంది, తన బొంత తనకుండాలని మరియమ్మ మొదలుపెట్టించింది. పాత కట్టెరంగు చీర మరియమ్మది. పచ్చముక్క నర్సవ్వది. ఆ గల్లీ ఆడవాళ్లకో ఆనవాయితీ ఉంది. బొంత మూడు మూలలే కుడతారు, నాలుగోది వదిలేస్తారు. ఎవరు కప్పుకుంటారో వాళ్లే సూది పట్టి ఆ మూల మూయాలి. మూసినంక అది వాళ్లది. మూసేదాకా కుట్టిన అందరిదీ. "ఇగో సూది, ఇగో దారం. నీకెప్పుడు బుద్దయితే అప్పుడు కుట్టుకో" అని మరియమ్మ చేతిలో పెట్టింది. దోర్కాకు అప్పుడు బుద్ధి కాలేదు. మెట్రో టైమైంది.

"అబ్బ!" అన్నారు ఉమామహేశ్వర్ సార్ ఆ బొంత చూసి. "ఎక్కడ దొరికిందమ్మా?"

త్రివేణి అమ్మమ్మ జరీ ఇంకా గోడ మీద మెరుస్తోంది. మా అమ్మ కుట్టింది అంటే, మీ అమ్మ ఏం చేస్తారు అంటారు. బనియన్ వేస్టు ఏరేది అంటే, ఎక్కడా అంటారు. ఇక్కడే, మీరు కూర్చున్న చోటే అనాలి.

"ఉప్పల్ దగ్గర సార్. పాతబట్టలమ్మే వాళ్ల దగ్గర దొరికింది" అన్నది దోర్కా.

"కుట్టింది ఎవరో తెలుసా?"

"తెలియదు సార్."

మొత్తం రెండే వాక్యాలు. వాటి మీద సార్ పదకొండు పేజీల వ్యాసం రాశారు. వదిలేసిన ఆ నాలుగో మూల ఆయన్ను నిద్రపోనివ్వలేదు. మూలం తెలియని బొంతకు మూల లేకపోవడంలోనే అసలు మర్మముందని తేల్చారు. ఇంత నేర్పుగా కుట్టిన మనిషి చివర్లో చేయి ఎందుకు ఆపుతుంది? మధ్యలోనే ప్రాణం పోయి ఉంటుంది. కుట్టు పూర్తయ్యేలోపు బతుకే పూర్తయిందన్నమాట. సెమినార్‌లో ఆయన ఇది చదువుతుంటే, ముందు వరసలో ఒకావిడ కళ్లు ఒత్తుకుంది. అయిదో వరసలో దోర్కా చెప్పులోకి చూసుకుంటూ కూర్చుంది. ఇప్పుడు లేచి చెబుదామా అనుకున్నది. పేజీ తిరిగింది. ఈ పేజీ తర్వాత అనుకున్నది. ఇంకో పేజీ తిరిగింది. అబద్ధం కుట్టుమిషన్ లాంటిది. ఒకసారి తొక్కితే మిగతా కుట్లు అదే వేసుకుంటూ పోతుంది.

ఆ తర్వాత ప్రతి పదిహేను రోజులకోసారి మరియమ్మ అడిగేది: "మూల గుట్టుకున్నవా బిడ్డా?" "కుట్టుకున్ననమ్మా" అనేది దోర్కా. ఆ కుట్టు సంగతి విప్పితే గుట్టు బయటపడుతుందని భయం.

ఇక ఆ శనివారం ప్రారంభోత్సవంలో సార్ ఒక పేరు ప్రకటించాలి. ఆరుగురిలో ఒకరికి రెండేళ్ల పరిశోధక స్థానం. సొంత గది, సొంత మగ్గం, గుమ్మం మీద పేరు. ఆ పేరు దోర్కాదేనని, ఆ బొంతను కనిపెట్టినందుకేనని సార్ ముందే చెవిలో వేశారు. బొంత ఎడమవైపు మూడో కిటికీ కింద వేలాడింది. వెలుతురు బాగుంటుందని సారే అక్కడ పెట్టించారు. పక్కనే తెల్ల అట్ట మీద నల్లటి అక్షరాలు.

శనివారం పదకొండింటికి హాలు నిండింది. దోర్కా కొత్త చేనేత కుర్తా తొడుక్కొని, నవ్వు ముఖానికి పిన్ను పెట్టుకొని తిరుగుతోంది. సరిగ్గా అప్పుడు గేటు దగ్గర ఆటో ఆగింది. ఒక ఆటోలో ఎంతమంది పడతారన్నది ఉప్పల్‌లో ఇప్పటికీ తేలని పరిశోధన. ఎనిమిదిమంది దిగారు. ఏడుగురు తెల్లచీరల్లో ఉన్నారు, ఎనిమిదో ఆమె నర్సవ్వ. తెల్లచీర లేక ఆమె పసుపుపచ్చది కట్టుకొని, బొట్టు ఇంత పెట్టుకొని వచ్చింది. దేవుడు ఎవరైతేంది, తినే పులిగోర పులిగోరే అన్నది ఆమె మతం.

దోర్కా నవ్వుకు పెట్టిన పిన్ను ఊడిపోయింది. ఆమె రెండడుగులు వెనక్కి వేసి, ప్రదర్శనకు పెట్టిన పెద్ద నిలువు మగ్గం చాటుకు పోయింది.

ఎనిమిదిమందీ గుమ్మంలో ఆగి, చెప్పులు వరసగా విడిచి, చప్పట్లు చరుస్తూ పాటందుకున్నారు. లోపలున్న పెద్దమనుషులంతా టక్కున తిరిగి ఫోన్లు ఎత్తారు.

"పర్ఫార్మెన్స్ పెట్టించారా సార్? తెల్లచీరల మధ్య ఒకే ఒక్క పసుపు... చాలా బాగుంది!" అన్నది త్రివేణి.

"నువ్వు పెట్టించావనుకున్నానే!" అన్నారు సార్.

పాట అయింది. చప్పట్లకు చప్పట్లు ఎదురొచ్చాయి. మరియమ్మకు అది కొత్తగా తోచింది గాని, పెద్దోళ్ల చర్చిల్లో పద్ధతి అదేనేమో అనుకున్నది. అందరికీ చేతులు జోడించి "వందనాలండి, వందనాలు" అంటూ లోపలికొచ్చింది.

"సిలువ యాడ బెట్టిన్రే రెబెక్కా?" అని అడిగింది మెల్లగా.

రెబెక్కా వాళ్ల చర్చి స్త్రీల సమాజానికి సెక్రటరీ, బడిలో ఆయా. ఆ గుంపులో తొందరగా చదవగలిగేది ఆమే. "గోడలకన్నీ బట్టలే ఆరేసిన్రక్కా" అన్నది చుట్టూ చూసి. "ఉతికినయో ఉతకాల్నో."

మరియమ్మ కాళ్లు పన్నెండేళ్ల అలవాటు కొద్దీ ఎడమవైపు మూడో కిటికీ దగ్గరికి నడిచాయి. అక్కడ తలెత్తి చూసింది. దోర్కా మగ్గం దారాల సందులోంచి ఆ ముఖాన్ని చూసింది. పెళ్లిలో కూడా ఎవరి ముఖమూ అంత వెలగదు.

"నర్సవ్వా, గిటు రా! మన బొంతే! నా బిడ్డ మన బొంత దెచ్చి దేవుని మందిరంల బెట్టింది! నేను గూసున్న జాగలనే బెట్టింది సూడు!"

"ఔనే! గిది నా పచ్చ చీరే! నా పెద్దోని లగ్గం నాటిది!" నర్సవ్వ ఆ ముక్కను తడమబోయింది. "ఈ అట్ట మీద మన పేర్లు రాసిన్రేమో సదువే రెబెక్కా."

రెబెక్కా కొంగుతో కళ్లద్దాలు తుడుచుకొని, అక్షరం అక్షరం కూడబలుక్కుంది. "బొంత. ఉప్పల్... పాతబట్టల అంగడిలో... లభ్యం. కుట్టిన వారు అజ్ఞాత మహిళ. బహుశా... కీర్తిశేషురాలు."

"కీర్తి ఎవలే?" అన్నది నర్సవ్వ. "మన గల్లీల శేషమ్మ ఉన్నది గని కీర్తి యాడిది? గీ కీర్తి ఒక్క కుట్టన్న ఏసిందా?"

రెబెక్కా నవ్వలేదు. అట్టను మళ్లీ ఒకసారి చదువుకున్నది. "పేరు గాదు నర్సవ్వా. సచ్చిపోయిందని. కుట్టినామె ఎవలో తెల్వదు, సచ్చిపోయి ఉంటదని రాసిన్రు."

మరియమ్మ ముఖంలో వెలుగు ఆరలేదు. అక్కడే ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది. ఆమె చూపు బొంత మీదుగా కిందికి జారి నాలుగో మూల దగ్గర ఆగింది. మూల తెరిచే ఉంది. తరువాత ఆమె తలతిప్పి హాలంతా వెతికింది. మగ్గం దారాల వెనక చేనేత కుర్తా, దానిమీద తన కూతురి కళ్లు. ఎవరికీ దొరకని దోర్కా దొరికిపోయింది. తల్లి ఒక్క క్షణం చూసి, చూడనట్టే చూపు తిప్పుకుంది. నీతో నాకు పరిచయం లేదన్నట్టు, నీకెలా కావాలో అలాగే కానీ అన్నట్టు. దోర్కాకు ఆ చూపు తిప్పుకోవడం చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

"గిదేందే! మనం బతికుండంగ..." అని నర్సవ్వ గొంతెత్తబోతే మరియమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. గుండీలు పీకిన చేయి అది, పట్టుకుంటే వదలదు.

హాలు రొదలో వాళ్ల మాటలేవీ వినబడని సార్ అప్పటికే మైకు పట్టుకొని అక్కడికొచ్చారు. "అమ్మా, మీ పాట అద్భుతం. మీదీ ఉప్పలే అంటున్నారు. ఇలాంటి బొంత ఎక్కడైనా చూశారా?"

హాలంతా చెవి అటు వేసింది. మగ్గం వెనక దోర్కా కూడా.

"లేదు సార్" అన్నది మరియమ్మ. "మేము సూడలే."

నర్సవ్వ మణికట్టు మీద ఆమె పట్టు ఇంకాస్త బిగిసింది.

"ఎవరు కుట్టిందో ఆ తల్లి! పూర్తిచేయకుండానే వెళ్లిపోయింది" అన్నారు సార్, నిజంగానే కదిలిపోతూ. "ఆమె కోసం ఇంకొక్క పాట పాడతారా?"

"పాటెందుకు సార్, ప్రార్థన జేస్త" అన్నది మరియమ్మ.

కొంగు తలమీదికి లాక్కుంది. కళ్లు మూసుకుంది. ఆరుగురు తెల్లచీరలూ ఏం జరుగుతున్నదో తెలియకపోయినా అలవాటుగా తలలు వంచారు. పెద్దమనుషులూ వంచారు.

"ప్రభువా, ఈ బొంత గుట్టినామె ఎవలో ఈళ్లకు తెల్వదు, నీకు దెలుసు. ఆమె సదువుకోలే. ఆమెకు మంచిచెడ్డ మాట్లాడ రాదు. ఆమె కుట్టింది యాడ వెట్టినా మంచిదే తండ్రీ. ఆమె బిడ్డ యాడున్నా సల్లగ ఉండాలె. ఆమె బిడ్డకు తలవంపు రాకుండ నువ్వే జూడాలె. ఆమెన్."

"ఆమెన్" అన్నారు అందరూ. సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తన ఆత్మకు తానే ప్రార్థన చేసుకొని, మరియమ్మ కొంగు దించి, గుమ్మంకేసి చూసింది. "నడువున్రి, ఇగ పోదాం" అన్నది మెల్లగా.

దోర్కాకు చిన్నప్పుడు రంగుకుప్పలో ఒకసారి గుండుసూది గుచ్చుకుంది. ఎక్కడ గుచ్చుకుందో తెలియక ఒళ్లంతా తడుముకుంది ఆ రోజు. ఇప్పుడూ అలాగే ఉంది. మగ్గం చాటునుంచి ఎలా బయటికొచ్చిందో, సార్ చేతిలోని మైకు ఎలా తీసుకుందో ఆమెకే తెలియదు. తీసుకున్నాక, సెమినార్లో మాట్లాడే గొంతే వచ్చింది.

"ఒక చిన్న సవరణ. వీళ్లు ప్రదర్శన ఇవ్వడానికి రాలేదు. నేను ఫోనులో రీసెర్చ్ ఓపెనింగ్ అన్నాను. మా అమ్మకు చర్చ్ ఓపెనింగ్ అని వినబడింది. కొత్త చర్చి ప్రతిష్ఠ అనుకొని, పాపం, ఆటో కట్టించుకొని వచ్చారు."

హాలు గొల్లుమంది. సార్ అందరికంటే పెద్దగా నవ్వారు. తెల్లచీరల్లో ఒకామె "అందుకే సిలువ లేదు!" అని నెత్తి కొట్టుకుంటే మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల్లో 'మా అమ్మకు' అన్న మాటను ఎవరూ పట్టించుకోలేదు. ఇక్కడితో ఆపేస్తే ఆగిపోతుంది. సరదా కథగా మిగిలిపోతుంది, సాయంత్రానికి గుమ్మం మీద పేరు ఎక్కుతుంది. మరియమ్మ కూడా కళ్లతోనే చెబుతోంది: చాలు, దిగు.

"ఈమే మా అమ్మ" అన్నది దోర్కా. "మరియమ్మ. ఈ బొంత ఈమే కుట్టింది. నర్సవ్వ పెద్దమ్మ, రెబెక్కా అత్త, ఇంకో ఇద్దరు కలిసి కుట్టారు. నా కోసం. నాకు అంగట్లో దొరకలేదు. నాకు తెలుసు. మొదటినుంచీ తెలుసు."

నవ్వులు ఒక్కొక్కటీ ఎవరి నోట్లోకి వాళ్లవి వెనక్కి పోయాయి.

"మా అమ్మ ఈ షెడ్డులోనే, ఈ కిటికీ కిందే బనియన్ వేస్టు ఏరింది. ఆ సంగతి చెప్పాలంటే సిగ్గేసి, కుట్టిందెవరో తెలియదన్నాను. చనిపోయిందని సార్ రాస్తే... ఊరుకున్నాను. ఆ అట్ట అచ్చుకు పోయేముందు తప్పులు దిద్దింది కూడా నేనే. 'కీర్తిశేషురాలు'లో 'షే' సరిగా పడిందా లేదా అని చూశాను."

త్రివేణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరో ఫోను ఇంకా పట్టుకునే ఉన్నారు, తరువాత దించారు. మరియమ్మ నేలను చూస్తోంది. కూతురి తప్పు నలుగురిలో బయటపడినందుకు ఆమె ముడుచుకుపోయింది. "మైకుల జెప్పాల్నా గివన్నీ" అన్నది గొణుగుతూ.

సార్ ఆ అట్ట వైపు తిరిగారు. పదకొండు పేజీలు ఆయన ముఖం మీదుగా ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. చివరికి మరియమ్మ దగ్గరికి పోయి, "అమ్మా, మరి ఆ మూల ఎందుకు వదిలేశారు?" అని అడిగారు.

"కప్పుకునేటోళ్లు గుట్టుకోవాలె సార్, గందుకు."

"అంతేనా?"

"గంతే."

"ఇక్కడినుంచి ఉప్పల్ ఎంత దూరమమ్మా?"

"షేర్ ఆటోల పావుగంట."

"పావుగంట" అన్నారు సార్. "నేను ఒక్కసారి వచ్చి అడగలేదు." ఆయన దోర్కా వైపు తిరిగినప్పుడు గొంతులో కోపం కంటే అలసట ఎక్కువుంది. "పేరు ఈ రోజు ప్రకటించను. ప్రకటించినా అది నీది కాదమ్మా. ఎందుకో నీకూ అర్థమైందనుకుంటా."

"అయింది సార్."

అయిందన్నది గాని, గుమ్మం మీద పేరు లేని ఆ గదివైపు ఆమె చూపు ఒకసారి పోయి వచ్చింది. అందుకు కూడా సిగ్గేసింది.

ఆమె బొంత దగ్గరికి పోయింది. "అమ్మా, సూదియ్యి" అన్నది. మరియమ్మ జాకెట్‌కు ఎప్పుడూ ఒక సూది గుచ్చి ఉంటుంది, ఉంది కూడా. మరియమ్మ దానిమీద చెయ్యి వేసి మూసేసింది.

"ఇప్పుడు గాదు."

"తప్పయింది అని చెప్పిన గదమ్మా."

"చెప్పినవ్. మంచిగ జెప్పినవ్. కాని గది అందరు జూస్తరని గుట్టేది గాదు బిడ్డా. ఇంకా అది మాదే. ఉండనియ్యి."

"నేనైతే నా పచ్చ ముక్క ఇప్పుడే ఊడదీసుకపోదును" అన్నది నర్సవ్వ. ఆమె మాట తమాషాకో నిజానికో ఎవరికీ తెలియలేదు. "కీర్తంట, శేషంట! బతికున్నోళ్లను పట్టుకొని! అట్ట రాసినోని చెయ్యి..." అని సార్‌ను చూసి ఆగి, "జర దిద్దున్రి సార్" అన్నది. సార్ జేబులోంచి పెన్ను తీసి, చివరి మాటను స్వయంగా కొట్టేశారు. 'అజ్ఞాత మహిళ' మీద కూడా గీత గీసి, పెన్ను పట్టుకొని, "మీ అందరి పేర్లూ చెప్పండమ్మా" అన్నారు. రెబెక్కా ఒక్కొక్కటీ చెప్పింది. అయిదు పేర్లకు ఆ అట్ట చాలలేదు. చివరిది అంచు మీద నిలువుగా రాశారు.

అప్పుడు రెండో ఆటో వచ్చింది.

దోర్కా తండ్రి అబ్బయ్య దిగాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో డోలక్. అతని వెనక ఆటో డ్రైవరు ఒక పెద్ద దేగిశా పట్టుకొచ్చాడు. దాని మీద మూత, మూత మీద తెల్లగుడ్డ. పులిహోర వాసన పరిశోధన కేంద్రమంతా పరుచుకుంది. "ఆలస్యమైంది, చిలుకానగర్ కాడ జామ్" అంటూ అబ్బయ్య లోపలికొచ్చి, అందరి ముఖాలూ చూసి, ఆగిపోయాడు. "ఏమైంది? ప్రతిష్ఠ అయిపోయిందా? అయ్యగారు యాడున్నడు?"

అందరూ దోర్కాను చూశారు. మరియమ్మ కూడా చూసింది.

"నువ్వే జెప్పు" అన్నది.

చేతిలో మైకు లేదు. తండ్రి ముందు సెమినార్ గొంతు రాదు. పుస్తకాల మాటలూ రావు. ఒకసారి చెప్పేశాం కదా అనుకున్నది ఇంకా చెప్పనట్టే ఉంది.

"నాయినా, ఇది చర్చి గాదు. రీసెర్చి. అమ్మకు ఫోన్ల సరింగ ఇనవడలే." అక్కడ ఆగింది. అబ్బయ్య నవ్వబోయాడు. "ఇంకోటున్నది, నవ్వకు. మన బొంత ఉన్నది గదా. ఎవలు గుట్టిన్రో తెల్వదని జెప్పిన నేను. అమ్మ పని ఈళ్లకు దెలుస్తదని. అమ్మ సచ్చిపోయిందని రాసిన్రు నాయినా. నేను సదివిన. సదివి ఊకున్న. మూల గూడ గుట్టలే. గుట్టిన అని అమ్మకు అబద్ధం జెప్పిన."

అబ్బయ్య డోలక్ మెడలోంచి తీసి నేలమీద పెట్టాడు. భార్యను చూశాడు. ఆమె బతికే ఉందా అని చూసినట్టు, తల నుంచి కాళ్లదాకా చూశాడు. "గట్లనా" అన్నాడు. ఇంకా ఏదైనా అంటే బాగుండునని దోర్కా ఎదురుచూసింది. అతను దేగిశా మీద గుడ్డ సర్ది, "ఇది సల్లారిపోతది" అన్నాడు.

"మనుషులున్నరు గదా, వెట్టు" అన్నది మరియమ్మ. త్రివేణి పోయి టీ ప్లేట్లు తెచ్చింది.

దేగిశా దించిన ఆటో డ్రైవరుకు మాత్రం ఒక్క ముక్కా అర్థం కాలేదు. అతను గోడలకు వేలాడే గుడ్డలను, తెల్లచీరలను, పెన్ను పట్టుకున్న సార్‌ను, ఏడుస్తున్న పిల్లను చూసి, బుర్ర గోక్కొని, "అక్కా, ఇంతకు చర్చి యాడ?" అని అడిగాడు.

దోర్కా కుర్తా చేతితో ముక్కు తుడుచుకొని, అతనికి కూడా మొదటినుంచీ చెప్పింది.